వాయురహిత బురదలో గంధకం, సూక్ష్మ లోహాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మురుగునీటి డైజెస్టర్లు (ఆక్సిజన్ లేకుండా సూక్ష్మజీవులతో వ్యర్థాన్ని జీర్ణం చేయించి మీథేన్ తీసే ట్యాంకులు) నడిపేవాళ్లు, వాటి శాంపిళ్లతో ల్యాబ్‌లో కుస్తీ పట్టేవాళ్లు, ఈ మధ్యే ఈ పరిశోధనలోకి వచ్చిన విద్యార్థులు అడిగే ప్రశ్నలు ఇవి. మాటలు వేరైనా చాలా ప్రశ్నల వెనక ఉన్న సందేహం ఒకటే: "రిపోర్టులో నికెల్ కనిపిస్తోంది కదా, ఇంకా లోపం అంటారేంటి?" సూక్ష్మజీవులకి కావాల్సిన లోహాలని బంధించేది ఎక్కువగా గంధకమే కాబట్టి, ఆ సంగతి తేలాలంటే ముందు గంధకం గురించి మాట్లాడుకోవాలి.

బురద అంత నల్లగా ఎందుకు ఉంటుంది? కుళ్లిపోయిందనా?

కాదు. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్‌ది. ఆక్సిజన్ లేని చోట ఇనుము ఫెర్రస్ (రెండు ధనావేశాలున్న) రూపంలోనూ, గంధకం సల్ఫైడ్ రూపంలోనూ ఉంటాయి. రెండూ ఎదురుపడగానే కలిసి నల్లటి అవక్షేపంగా దిగుతాయి. మొదట ఏర్పడేది మాకినవైట్ అనే ఖనిజం. దాని రేణువులు నానోమీటర్ల సైజులో ఉంటాయి కాబట్టి కొద్దిపాటి మోతాదే బురద మొత్తాన్ని నల్లగా చేసేస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఫ్యూమ్ హుడ్ లోపల రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి చూడండి. నలుపు విరిగిపోయి కుళ్లిన గుడ్ల వాసన లేస్తుంది. అదే బురదని గాలికి వదిలేస్తే పైపొర గోధుమ రంగుకి తిరుగుతుంది, ఎందుకంటే ఇనుము ఆక్సీకరణం చెంది తుప్పు లాంటి పదార్థంగా మారుతుంది. బాగా పనిచేసే యూఏఎస్‌బీ రియాక్టర్లలోని (వ్యర్థజలం అడుగు నుంచి పైకి బురద పొర గుండా పారే రకం) బురద గుళికలు కూడా నల్లగానే ఉంటాయి. నల్లటి బురద వాటికి రోగం కాదు, మామూలు రంగు.

గంధకం ఎక్కడి నుంచి వస్తుంది?

రెండు దారుల్లో. మొదటిది నీటిలోని సల్ఫేట్. సల్ఫేట్‌ని క్షయకరించే బ్యాక్టీరియా దాన్ని సల్ఫైడ్‌గా మారుస్తాయి. రెండోది ప్రొటీన్లు. సిస్టీన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాల్లో గంధకం ఉంటుంది. ప్రొటీన్ విరిగినప్పుడు అది సల్ఫైడ్‌గా బయటపడుతుంది.

మొలాసిస్‌తో నడిచే డిస్టిలరీలు, కాగితం మిల్లులు, తోలు శుద్ధి చేసే ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో మొదటి దారిదే పైచేయి. మామూలు మురుగు బురదని జీర్ణం చేసే డైజెస్టర్లలో రెండోదాన్ని తక్కువ అంచనా వేయకూడదు. చాలామంది ఇన్‌లెట్ నీటిలో సల్ఫేట్ ఒక్కటే కొలిచి, "ఇంత తక్కువ సల్ఫేట్‌కి గ్యాస్‌లో ఇంత హైడ్రోజన్ సల్ఫైడ్ ఎలా వచ్చింది?" అని తల పట్టుకుంటారు. లెక్కలో ప్రొటీన్‌ని వదిలేయడమే అక్కడ జరిగే పొరపాటు.

సల్ఫేట్ వల్ల మీథేన్ తగ్గుతుందా? ఎంత?

తగ్గుతుంది. లెక్క కూడా తేలికే. ఒక మోల్ సల్ఫేట్, అంటే 96 గ్రాములు, సల్ఫైడ్‌గా మారడానికి 64 గ్రాముల సీఓడీ (కర్బన పదార్థం ఎంతుందో, దాన్ని ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ రూపంలో చెప్పే కొలత) ఖర్చవుతుంది. అంటే ఒక గ్రాము సల్ఫేట్ సుమారు 0.67 గ్రాముల సీఓడీని తినేస్తుంది. ఒక గ్రాము సీఓడీ నుంచి ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర 0.35 లీటర్ల మీథేన్ రావాలి. కాబట్టి క్షయకరణం చెందిన ప్రతి గ్రాము సల్ఫేట్‌కి దాదాపు 0.23 లీటర్ల మీథేన్ పోయినట్టే.

సీఓడీకి, సల్ఫేట్‌కి మధ్య నిష్పత్తి 10 దాటి ఉంటే సాధారణంగా పెద్ద ఇబ్బంది ఉండదు. అది తగ్గే కొద్దీ పోటీ పెరుగుతుంది. హైడ్రోజన్ దగ్గర సల్ఫేట్ బ్యాక్టీరియాదే గెలుపు, అవి అతి తక్కువ గాఢతలో కూడా హైడ్రోజన్‌ని పట్టుకోగలవు. అసిటేట్ (వెనిగర్‌లో ఉండే ఆమ్లపు రూపం) దగ్గర మాత్రం మీథేన్ సూక్ష్మజీవులు అంత సులభంగా చోటు వదలవు.

కొలిచిన సల్ఫైడ్ అంతా విషమేనా?

ప్రధానంగా విషం అయ్యేది అయాన్‌గా విడిపోని హైడ్రోజన్ సల్ఫైడ్. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి కణపొరని దాటి లోపలికి జొరబడుతుంది. పీహెచ్ 7 చుట్టుపక్కల ద్రవంలోని సల్ఫైడ్‌లో సగం ఈ రూపంలో, సగం బైసల్ఫైడ్ అనే అయాన్‌గా ఉంటుంది. పీహెచ్ 8కి వెళ్తే విడిపోని భాగం పదో వంతుకి పడిపోతుంది, 6కి దిగితే తొంభై శాతానికి చేరుతుంది. అందుకే ఆమ్లాలు పేరుకుని పీహెచ్ జారుతున్న డైజెస్టర్‌కి సల్ఫైడ్ రెండో దెబ్బ అవుతుంది.

మీథేన్ ఉత్పత్తిని సగానికి తగ్గించే విడిపోని సల్ఫైడ్ మోతాదుగా పుస్తకాల్లో లీటర్‌కి 50 నుంచి 250 మిల్లీగ్రాముల దాకా అంకెలు కనిపిస్తాయి. రేంజ్ అంత వెడల్పుగా ఉందంటే బురద అలవాటుపడిందా, గుళికలుగా ఉందా, పీహెచ్ ఎంత అనేవి ఫలితాన్ని బాగా మార్చేస్తాయని అర్థం.

మనుషుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గాలిలో ఈ వాయువు 100 పీపీఎం చేరే సరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియడం ఆగిపోతుంది. ప్రాణానికి, ఆరోగ్యానికి తక్షణ ప్రమాదం ఉన్న స్థాయిగా అమెరికాలో పనిచోటి భద్రతపై పరిశోధించే నియోష్ సంస్థ పెట్టిన అంకె కూడా అదే 100 పీపీఎం. "వాసన పోయింది, ఇక దిగొచ్చు" అనుకోవడం ప్రాణాంతకం. మీటర్ లేకుండా దిగొద్దు.

సూక్ష్మజీవులకి లోహాలు దేనికి?

ఎంజైముల గుండెలో కూర్చునేవి లోహాలే. మీథేన్ తయారీలో చివరి మెట్టుని నడిపే ఎంజైమ్‌లో ఎఫ్430 అనే పసుపు రంగు సహకారకం ఉంటుంది, దాని నడిమధ్యలో ఒక నికెల్ పరమాణువు ఉంటుంది. మీథేన్ ఏ దారిలో తయారైనా, అసిటేట్ నుంచైనా, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌ల నుంచైనా, మెథనాల్ నుంచైనా, ఆ చివరి మెట్టు ఎక్కక తప్పదు. అందుకే నికెల్ లేకుండా మీథేన్ లేదు. మీథేన్ సూక్ష్మజీవి పెరగడానికి నికెల్, కోబాల్ట్, మాలిబ్డినం కావాలని షోన్‌హైట్, మోల్, థావర్ 1979లోనే చూపించారు.

కోబాల్ట్ ఉండేది విటమిన్ బి12 కుటుంబానికి చెందిన కొరినాయిడ్లలో. మిథైల్ గుంపుని ఒక అణువు నుంచి మరోదానికి అందించడం వాటి పని. మెథనాల్‌తో నడిచే రియాక్టర్లలో కోబాల్ట్ తగ్గితే ఆ ప్రభావం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రతి అణువూ మిథైల్ బదిలీ గుండానే పోవాలి.

ఇనుము అన్నింటికన్నా ఎక్కువ కావాలి. ఫెర్రెడాక్సిన్లు, హైడ్రోజినేజులు, ఇలా ఎలక్ట్రాన్ కదిలే ప్రతి చోటా ఇనుము, గంధకం కలిసిన గుచ్ఛాలే కనిపిస్తాయి. ఇక్కడో తమాషా ఉంది. ఇనుముని బంధించి అందకుండా చేసే గంధకమే ఎంజైమ్ లోపల దానికి తోడుగా కూర్చుంటుంది. మీథేన్ సూక్ష్మజీవులు గంధకాన్ని చాలావరకు సల్ఫైడ్ రూపంలోనే తీసుకుంటాయి. కాబట్టి "సల్ఫైడ్ సున్నా" అనేది లక్ష్యం కాకూడదు.

ఫార్మేట్‌ని విడగొట్టే ఎంజైములకి మాలిబ్డినం గానీ టంగ్‌స్టన్ గానీ కావాలి, కొన్నింటికి సెలీనియం కూడా. ప్రొపియోనేట్ (వ్యర్థం మీథేన్‌గా మారే దారిలో మధ్యలో వచ్చే ఆమ్లం) పేరుకుపోయిన డైజెస్టర్‌లో ఈ చివరి పేర్లని మర్చిపోకండి. జింక్ కూడా అవసరమే, కానీ మురుగు బురదలో దానికి కరువు రావడం అరుదు.

టోటల్ నికెల్, కోబాల్ట్ చాలినంత ఉన్నా లోపం ఎలా వస్తుంది?

పేరుకి లక్షాధికారి, జేబులో చిల్లర లేదు. అలాంటి పరిస్థితి ఇది. టోటల్ అంటే ఆమ్లంతో మరిగించి, బురదలో ఉన్న లోహాన్నంతా బయటికి లాగితే వచ్చిన అంకె. సూక్ష్మజీవి దగ్గర మరిగే ఆమ్లం లేదు. దానికి ద్రవంలో కరిగి, కణపొర దాకా వచ్చే లోహమే కావాలి.

బురదలో లోహం చాలా చోట్ల దాక్కుంటుంది. కొంత నీటిలో కరిగి ఉంటుంది, కొంత సూక్ష్మజీవుల జిగురుకి అతుక్కుని ఉంటుంది. కార్బొనేట్‌గా, ఫాస్ఫేట్‌గా కొంత దిగుతుంది. పెద్ద వాటా సల్ఫైడ్ చేతిలో ఉంటుంది. సల్ఫైడ్‌కి లోహాల మీద మోజు ఒకేలా ఉండదు. రాగి సల్ఫైడ్ అతి తక్కువగా కరుగుతుంది. ఆ తర్వాత సీసం, కాడ్మియం, జింక్ వస్తాయి. నికెల్, కోబాల్ట్ ఇంకా తర్వాత, వాటి వెనక ఇనుము, చివర్లో మాంగనీస్. అంటే నికెల్, కోబాల్ట్‌లు ఇనుము కన్నా ముందే సల్ఫైడ్‌లో చిక్కుకుంటాయి. మనకి కావాల్సినవి అవే కావడం దురదృష్టం.

ఇక్కడిదాకా పాఠ్యపుస్తకం. కానీ ద్రావణీయతా లబ్ధం (ఒక పదార్థం నీటిలో ఎంతవరకు కరుగుతుందో చెప్పే స్థిరాంకం) పట్టుకుని గట్టిగా లెక్క వేస్తే ద్రవంలో నికెల్ దాదాపు మిగలకూడదు, డైజెస్టర్ ఆగిపోవాలి. ఆచరణలో అది నడుస్తూనే ఉంటుంది. ఎందుకంటే ద్రవంలో ఉన్నది ఒంటరి అయాన్లు మాత్రమే కాదు. లోహం బైసల్ఫైడ్‌తో కలిసి కరిగే సంక్లిష్టాలు చేస్తుంది. ప్రొటీన్ ముక్కల్లోని థయాల్స్ అనే గంధకపు గుంపులు దాన్ని పట్టుకుంటాయి. సూక్ష్మజీవులు వదిలే కర్బన పదార్థాలు దాన్ని కరిగిన స్థితిలో నిలబెడతాయి. పైగా సల్ఫైడ్ రేణువులు కొత్తగా ఏర్పడినప్పుడు చిన్నవిగా, చిందరవందరగా ఉండి కాస్త సులువుగా కరుగుతాయి. రోజులు గడిచి స్ఫటికాలు గట్టిపడే కొద్దీ బిగుసుకుపోతాయి. సమతాస్థితి లెక్కలు ఈ కాలం సంగతి చెప్పవు. నా దృష్టిలో ఈ రంగంలో ఎక్కువ తప్పుడు నిర్ణయాలు పుట్టేది ఇక్కడే: సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సమతాస్థితి జవాబుని డైజెస్టర్‌లో నిజంగా ఉన్న స్థితి అనుకోవడం.

ఇనుము వేస్తే సల్ఫైడ్ తగ్గుతుంది కదా. మిగతా లోహాలకి దాంతో ఏం సంబంధం?

చాలా ఉంది. ఇనుము సల్ఫైడ్‌కి బలహీనమైన జత. కానీ ఎక్కువ మోతాదులో ఉంటుంది కాబట్టి చాలా సల్ఫైడ్‌ని పట్టుకుని ద్రవంలో దాని గాఢతని తక్కువగా ఉంచుతుంది. అలా తగ్గినప్పుడు నికెల్, కోబాల్ట్‌లకి కాస్త ఊపిరి దొరుకుతుంది. కొన్నిసార్లు ఇనుము ఒక్కటే వేసినా డైజెస్టర్ తేరుకోవడానికి ఇదొక కారణం.

రెండో ఉపయోగం రక్షణ. ఏ ప్లేటింగ్ ఫ్యాక్టరీ నుంచో ఒక్కసారిగా రాగి వచ్చిపడిందనుకోండి. ఐరన్ సల్ఫైడ్‌లోని ఇనుముని రాగి పక్కకి నెట్టి ఆ చోట్లో తాను కూర్చుంటుంది. విషమైన రాగి బందీ అవుతుంది, పెద్దగా హాని లేని ఇనుము బయటికొస్తుంది. ఒక గ్రాము సల్ఫైడ్ గంధకం సుమారు 2 గ్రాముల రాగినో జింకునో పట్టేస్తుంది. కరిగే సల్ఫైడ్ భారలోహాల విషాన్ని అణిచేస్తుందని 1960ల నుంచే తెలుసు.

మోతాదు లెక్క: ఫెర్రస్ అయితే ఒక గ్రాము గంధకానికి 1.75 గ్రాముల ఇనుము. ఫెర్రిక్ (మూడు ధనావేశాలున్న ఇనుము) అయితే ముందు కొంత సల్ఫైడ్‌ని మూలక గంధకంగా మార్చి తాను ఫెర్రస్‌గా మారుతుంది కాబట్టి సిద్ధాంతం ప్రకారం సుమారు 1.17 గ్రాములు చాలు. నిజంగా వేసేటప్పుడు ఎక్కువే పడుతుంది. ఫాస్ఫేట్ కూడా ఇనుముని లాక్కుని వివియనైట్ అనే ఖనిజంగా దిగుతుంది, కార్బొనేట్ కొంత తీసుకుంటుంది.

రెండు హెచ్చరికలు. ఫెర్రస్ సల్ఫేట్ చవకగా దొరికిందని డైజెస్టర్‌లో పోయకండి. ప్రతి ఇనుము పరమాణువుతో పాటు ఒక గంధకం పరమాణువు కూడా లోపలికి వెళ్తుంది, అది సల్ఫైడ్‌గా మారి మీ లాభాన్ని మింగేస్తుంది. ఫెర్రిక్ క్లోరైడ్‌తో అయితే ఆమ్లత్వం వస్తుంది, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) మీద కన్నేసి ఉంచండి.

ఇంకో మెలిక కూడా ఉంది. కొత్తగా ఏర్పడే ఐరన్ సల్ఫైడ్ తన ఉపరితలం మీదకి, స్ఫటికం లోపలికి నికెల్, కోబాల్ట్‌లని లాక్కోగలదు. అందుకని "ఇనుము వేస్తే మిగతావి తప్పకుండా దొరుకుతాయి" అని ఎవరైనా హామీ ఇస్తే వెంటనే ఒప్పుకోకండి.

చెలేట్లు కలిపితే సరిపోదా?

చెలేట్లు అంటే లోహ అయాన్‌ని చుట్టి పట్టుకునే కర్బన అణువులు. ఈడీటీఏ, ఎన్టీఏ లాంటివి లోహాన్ని గట్టిగా పట్టుకుని సల్ఫైడ్‌కి అందకుండా కరిగిన స్థితిలో ఉంచుతాయి. అదే లోహాన్ని చెలేట్‌తో కలిపి వేస్తే తక్కువ మోతాదుతో పని జరగొచ్చు. చెడు ఏంటంటే పట్టు మరీ గట్టిదైతే సూక్ష్మజీవికి కూడా అందదు. ఈడీటీఏ అంత తేలిగ్గా విరిగిపోదు కూడా, శుద్ధి చేసిన నీటితో బయటికి పోతూ లోహాన్ని వెంట తీసుకెళ్తుంది. బయటి నదికి అది మంచిది కాదు.

మరి ఎంత వేయాలి?

అందరికీ సరిపోయే అంకె అడగొద్దు. అలాంటిది లేదు. మామూలు మురుగు బురద డైజెస్టర్లకి బయటి నుంచి లోహాలు వేయాల్సిన అవసరం చాలా అరుదు, మురుగులోనే ఎన్నో కొట్టుకొస్తాయి. ఒకే రకం పదార్థంతో నడిచేవాటికి, లోహాలు పెద్దగా లేని పారిశ్రామిక వ్యర్థజలాలకి అవసరం పడుతుంది. వేసిన ప్రతి మిల్లీగ్రామూ చివరికి బురదలోనే పేరుకుంటుందని గుర్తుంచుకోండి. ఎక్కువైతే నికెల్ కూడా విషమే.

ఏవీఎస్ అంటే ఏంటి? దాన్ని నమ్మొచ్చా?

ఆమ్లంతో వాయువుగా లేచిపోయే సల్ఫైడ్ అని అర్థం. చల్లటి, పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, లేచిన హైడ్రోజన్ సల్ఫైడ్‌ని నైట్రోజన్‌తో ఊది క్షారంలో పట్టుకుంటారు. అదే ఆమ్లంలోకి దిగిన లోహాలని కూడా కొలుస్తారు. ఈ లోహాల మోల్స్ సల్ఫైడ్ మోల్స్ కన్నా తక్కువుంటే లోహాలు బందీగా ఉన్నాయని అంచనా.

ఐరన్ సల్ఫైడ్‌కి ఇది బాగా పనిచేస్తుంది. రాగి సల్ఫైడ్ ఆ ఆమ్లంలో సరిగ్గా కరగదు, నికెల్ సల్ఫైడ్ కూడా పాక్షికంగానే కరుగుతుంది, పైరైట్ (ఇనుము, గంధకాల మరో ఖనిజం) అసలు కదలదు. కాబట్టి రాగి తక్కువ కనిపిస్తే సంబరపడకండి.

సీక్వెన్షియల్ ఎక్స్‌ట్రాక్షన్ ఫలితాల సంగతి?

టెసియర్ బృందం 1979లో ఇచ్చిన పద్ధతి, తర్వాత యూరప్‌లో వచ్చిన బీసీఆర్ పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి బలమైన రసాయనాలు పోస్తూ ఏ దశలో ఎంత లోహం వచ్చిందో చూడటమే పని. రెండూ మొదట మట్టికి, నదుల అడుగు బురదకి తయారైనవి. డైజెస్టర్ బురదలో చిక్కు ఏమిటంటే, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసే దశలో కర్బన పదార్థమూ, సల్ఫైడూ కలిసి విరుగుతాయి. ఆ దశలో వచ్చిన నికెల్ ప్రొటీన్‌ని పట్టుకుని ఉందా, సల్ఫైడ్‌లో ఉందా అన్నది ఆ అంకె చెప్పదు. ఆ దశకి "ఆర్గానిక్ భాగం" అని పేరు పెట్టి పేపర్లు రాసేసేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

శాంపిల్ని ఓవెన్‌లో ఎండబెట్టి మొదలుపెడితే మొత్తం కథే మారిపోతుంది. సల్ఫైడ్‌లో ఉన్నవి ఆక్సీకరణం చెంది మొదటి దశల్లోకి జారుకుంటాయి.

శాంపిల్ తీసేటప్పుడు ఎక్కడ తప్పులు జరుగుతాయి?

గాలి దగ్గర. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో నేనొక సీసాని సగమే నింపి, రాత్రంతా బల్ల మీద వదిలేశాను. పొద్దున చూస్తే పైన రెండు వేళ్ల మందాన గోధుమ రంగు పొర. ఆ వారం పనంతా బూడిదలో పోసిన పన్నీరే. సీసాని అంచు దాకా నింపండి, నైట్రోజన్ గ్లవ్ బాక్స్‌లో తెరవండి, వెంటనే చేయలేకపోతే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించండి.

కరిగిన సల్ఫైడ్ కొలవడానికి జింక్ అసిటేట్ వేసి జింక్ సల్ఫైడ్‌గా దింపి భద్రపరుస్తారు. మంచి పద్ధతే. కానీ అదే సీసాలోంచి జింక్ కొలిచి "జింక్ అనూహ్యంగా పెరిగింది" అని రాసేవాళ్లూ ఉన్నారు, ఇది జోక్ కాదు.

0.45 మైక్రాన్ల ఫిల్టర్ గుండా దిగిందంతా కరిగినదేనని అనుకోవడం ఇంకో అలవాటు. నానో సల్ఫైడ్ రేణువులు ఆ రంధ్రాల్లోంచి హాయిగా దూరిపోతాయి. నిజంగా అందుబాటులో ఉన్న భాగం కావాలంటే డీజీటీ పరికరం మెరుగు, ఇది 1994లో డేవిసన్, జాంగ్ పరిచయం చేసిన పద్ధతి. జెల్ పొర గుండా నెమ్మదిగా వ్యాపించే లోహాన్ని రెజిన్ పట్టుకుంటుంది.

ఎక్స్-రే పద్ధతులు అవసరమా?

రోజువారీ నిర్వహణకి అక్కర్లేదు. పరిశోధనకి మాత్రం బంగారం. సింక్రోట్రాన్‌లో (చాలా తీవ్రమైన ఎక్స్-రేలు ఇచ్చే పెద్ద యంత్రం) గంధకం శోషణ అంచుని, అంటే అది ఎక్స్-రేలని ఒక్కసారిగా ఎక్కువగా పీల్చుకునే శక్తి దగ్గర, చూస్తే సల్ఫైడ్ 2470 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, సల్ఫేట్ 2482 చుట్టూ విడివిడిగా కనిపిస్తాయి. థయాల్స్, మూలక గంధకం వాటి మధ్యలో ఉంటాయి. గంధకం, ఇనుము పుష్కలంగా ఉంటాయి కాబట్టి చిత్రం స్పష్టంగా వస్తుంది. కోబాల్ట్ లాంటి అతి తక్కువ మోతాదు లోహానికి సిగ్నల్ కష్టం, పక్కనే ఉన్న ఇనుము దాన్ని కప్పేస్తుంది.

అన్ని లోహాలూ సల్ఫైడ్‌కే లొంగుతాయా?

లేదు. క్రోమియం లొంగదు. ఆరు వేలన్సీ క్రోమియం డైజెస్టర్‌లో మూడుకి దిగి హైడ్రాక్సైడ్‌గా అవక్షేపమవుతుంది. ఆర్సెనిక్ ఒక్కోసారి సల్ఫైడ్‌తో కలిసి కరిగే థయోఆర్సెనిక్ సంక్లిష్టాలు చేసి ఇంకా ఎక్కువ కదులుతుంది. కొంత మిథైల్ చేరి బయోగ్యాస్‌లోకి కూడా లేస్తుంది. పాదరసం సల్ఫైడ్‌కి గట్టిగా అతుక్కుంటుంది గానీ, కొన్ని సల్ఫేట్ బ్యాక్టీరియా, మీథేన్ సూక్ష్మజీవులు దాన్ని మరింత విషమైన మిథైల్ పాదరసంగా మారుస్తాయి. ఆ పనికి కావాల్సిన రెండు జన్యువులు 2013లో బయటపడ్డాయి. వెండి మాత్రం మంచి పిల్లాడు. బట్టల్లోంచి వచ్చిన నానో వెండి కూడా సిల్వర్ సల్ఫైడ్‌గా మారి చాలావరకు బురదలో ఉండిపోతుంది.

కొంచెం గాలి పంపి సల్ఫైడ్ తగ్గించొచ్చా?

వాడుకలో ఉన్న పద్ధతే. కొద్ది మోతాదులో ఆక్సిజన్ పంపితే బ్యాక్టీరియా సల్ఫైడ్‌ని మూలక గంధకంగా మారుస్తాయి. పసుపు పొరలు పైకప్పు మీద, పైపుల్లో పేరుకుంటాయి, కడగడం తప్పదు. మోతాదు జాగ్రత్త, మీథేన్‌తో గాలి కలిస్తే పేలుడు ప్రమాదం.

బురద బయటికి వచ్చి పొలానికి చేరాక ఈ లోహాలు ఏమవుతాయి?

తాళం తెరుచుకోవడం మొదలవుతుంది. గాలి తగలగానే సల్ఫైడ్ సల్ఫేట్‌గా మారుతుంది, పీహెచ్ కొంత తగ్గొచ్చు, జింక్, కాడ్మియం లాంటివి కదలడానికి వీలుచిక్కుతుంది. అదే సమయంలో తయారయ్యే ఇనుము ఆక్సైడ్లు, మిగిలిన కర్బన పదార్థం వాటిలో కొంత తిరిగి పట్టుకుంటాయి. యూరప్ 1986లో తెచ్చిన బురద ఆదేశంలో పరిమితులు టోటల్ లోహాల మీదే ఉన్నాయి. నియంత్రణకి టోటల్ సులువు, ఎవరు కొలిచినా ఒకే అంకె వస్తుంది. కానీ మొక్కకి అందేది ఎంతో అది చెప్పదు.

డబ్బు ఒక్క పరీక్షకే ఉంటే ఏది చేయించాలి?

టోటల్ మెటల్స్ రిపోర్టు మాత్రం కాదు. మీ బురదనే చిన్న సీసాల్లో పోయండి. ఒకదానిలో ఏమీ కలపకండి, ఒకదానిలో ఇనుము, ఒకదానిలో నికెల్, కోబాల్ట్, ఇంకోదానిలో అన్నీ కలిపి. ప్రతిదానికి మూడు సీసాలు పెట్టండి, అన్నింటికీ ఒకే అసిటేట్ లేదా ప్రొపియోనేట్ ఇవ్వండి, నైట్రోజన్ ఊది మూత బిగించి 35 డిగ్రీల దగ్గర గ్యాస్ ఎంత వేగంగా వస్తుందో కొలవండి. ఇనుము సీసాలు మాత్రమే పరుగెత్తితే గొడవ సల్ఫైడ్‌తోనో, ఇనుము కొరతతోనో ఉన్నట్టు. నికెల్, కోబాల్ట్ సీసాలు పరుగెత్తితే అవి నిజంగానే అందట్లేదు. ఏ సీసాలోనూ తేడా లేకపోతే లోహాలు కొనే ఖర్చు మిగుల్చుకుని పీహెచ్, అమ్మోనియా, లోడింగ్ (రోజూ ఎంత వ్యర్థం వేస్తున్నారో) వైపు చూడండి.